ఆదివారం మాత్రం బొమ్మ ఆగదు

పట్నం, అద్దె గది

వదినకి,

కవరు మీద నా రాత చూసి కంగారుపడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఉద్యోగం ఊడలేదు, నీకు చెప్పకుండా పెళ్ళీ చేసుకోలేదు. ఈ రోజుల్లో కాగితం మీద రాసేవాళ్ళెవరని నవ్వుకుంటావేమో, నవ్వుకో. నా ఫోను ఆఫీసువాళ్ళిచ్చింది, మెయిలు కూడా వాళ్ళదే. అందులో ఏం రాసినా ఎవరో ఒకరి కంట పడుతుంది. మీ ఇంటి ఫోనుకు చేద్దామంటే "టీవీలో బొమ్మ రావట్లేదమ్మా" అనేవాళ్ళ వెనక వరసలో నిలబడాలి. తీరా నా వంతు వచ్చేసరికి పక్కనే అన్నయ్య ఉంటాడు.

అన్నయ్యకు నా మీద కోపం తగ్గిందా? ఇంటర్నెట్‌లో సినిమాలూ సీరియళ్ళూ చూపించే కంపెనీలో చేరానని చెప్పిన రోజు అన్నయ్య ముఖం ఇంకా నా కళ్ళ ముందే ఉంది. "కేబులు మీద పెరిగి కేబులుకే గొయ్యి తవ్వుతావా?" అన్నాడు. నేనూ ఊరుకోలేదనుకో. ఊరుకునేదాన్నయితే మీరందరూ నన్ను పిడుగని ఎందుకు పిలుస్తారు?

ఇక్కడ నా పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. జనం మా వీడియోలు చూస్తుండగా ఏ ఊళ్ళో బొమ్మ ఆగిపోయి చక్రం తిరుగుతోందో, ఎందుకు తిరుగుతోందో కనిపెట్టడం మా విభాగం పని. గోడంత తెర మీద పటం ఉంటుంది. బాగా నడిచే ఊళ్ళు ఆకుపచ్చగా, ఆగిపోయేవి ఎర్రగా కనిపిస్తాయి. రోజంతా దాన్నే చూసి గదికొస్తే, సున్నం వేసిన గోడ మీద కూడా చుక్కలే కనిపిస్తున్నాయి.

సరే, నాకు నాలుగు ముక్కలు చెప్పు. అన్నయ్య సాయంత్రాలు ఇంట్లోనే ఉంటున్నాడా? ఆదివారం పేకాట మానేశాడా, ఇంకా వెళ్తున్నాడా? మేడ మీద కంట్రోల్ రూమ్‌లోకి అన్నయ్య కాక ఇంకెవరెవరు వెళ్తారు? ఊరికే అడుగుతున్నాను. కానీ జవాబు మాత్రం త్వరగా రాయి, అన్నయ్యకు చూపించకు.

పిడుగు


ఊరు, కేబులు ఆఫీసు వెనక గది

మా పిడుగుకి,

నీ కవరు పోస్టుమాన్ తెచ్చి ఎవరి చేతిలో పెట్టాడనుకున్నావు? మీ అన్నయ్య చేతిలోనే. అటూ ఇటూ తిప్పి చూసి, "నా చెల్లెలు నీకు రాసింది, నాకు రాయలేదు" అని వంటింటి గట్టు మీద పెట్టి వెళ్ళాడు. నేను చదువుతున్నంతసేపూ మంచినీళ్ళకని వంటింట్లోకి వస్తూనే ఉన్నాడు. ఆయనకంత దాహం నేనెప్పుడూ చూడలేదు. ఏం రాసిందని మాత్రం అడగడు, అడిగితే కోపం పోయినట్టు కదా! "ఏవో చీరల సంగతులు" అని చెప్పాను.

ఇక్కడ చెప్పుకోవడానికి మంచి కబుర్లేమీ లేవు. ఫోను మోగితే చాలు, ఎత్తాలంటే భయమేస్తోంది. ఇదివరకు బొమ్మ రావట్లేదని తిట్టేవాళ్ళు, అదే నయం. ఇప్పుడు ఎంతో మర్యాదగా మాట్లాడుతున్నారు. "మీరిచ్చే నెట్టు ఉంచండి మేడమ్, టీవీ తీసేయండి" అంటున్నారు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో నాలుగు ఫోన్లు, నాలుగు మూలలా నాలుగు సినిమాలు. మీ కంపెనీ చలవే!

మీ అన్నయ్య ఊరుకోలేదు. కొత్తరకం బాక్సులు తెప్పించాడు. మన ఛానళ్ళూ, మీవాళ్ళ సినిమాలూ అన్నీ ఒకే పెట్టెలో, ఒకే రిమోట్‌తో వస్తాయి. "వాళ్ళని ఆపలేనప్పుడు లోపలికి పిలిచి మన కుర్చీలోనే కూర్చోబెడదాం" అంటాడు. ఇంటింటికీ తానే వెళ్ళి బిగించి, ముసలివాళ్ళ పక్కన కూర్చుని ఏ మీట నొక్కితే ఏమొస్తుందో నేర్పించి వచ్చాడు. ఈ బాక్సులు నిలబడితే కేబులు బతుకుతుంది. లేదంటే పెద్ద కంపెనీకి అన్నీ అప్పజెప్పేసి, వాళ్ళ దగ్గరే స్తంభాలెక్కే పనికి కుదరాలి. ఈ మాట ఆయన నవ్వుతూ అన్నాడు కానీ నాకు నవ్వు రాలేదు.

తీరా చూస్తే సాయంత్రమయ్యేసరికి బాక్సుల్లో మీ సినిమాలు ఆగిపోతున్నాయట. రోజూ ఎవరో ఒకరు బాక్సు చంకన పెట్టుకుని వచ్చి బల్ల మీద పెట్టి పోతున్నారు. ఆయన వాటిని తెచ్చి ముందుగదిలో పేర్చి, ఒక్కొక్కదాన్నీ విప్పి చూస్తాడు. బాక్సుల కంపెనీవాడితో ఫోనులో రోజూ గొడవే. "నాసిరకం సరుకు అంటగట్టావు" అని మొన్న అరిచిన అరుపుకు వీధిలోవాళ్ళు తొంగిచూశారు. విచిత్రం ఏమిటంటే ఆదివారం అవే బాక్సులు చక్కగా నడుస్తున్నాయట. జనం బయటికి పోతారు కాబట్టి లైను మీద బరువు తగ్గుతుందని ఆయన లెక్క.

నువ్వడిగిన వాటికి జవాబు. పొద్దుగూకగానే డిష్ చూసొస్తానని మేడ మీదకు వెళ్ళడం ఆయనకింకా అలవాటే. ఆదివారం పేకాట మానడు, ఆకాశం ఊడిపడ్డా మానడు. నేనూ ఆ పూట మా అక్క ఇంటికి పోతాను. కంట్రోల్ రూమ్‌లోకి ఎవరు వెళ్తారంటావా? దుమ్ము వెళ్తుంది, బల్లులు వెళ్తాయి. నీకెందుకే ఆ గోల?

మీ వదిన


పట్నం, అద్దె గది

వదినా,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. ఇక డొంకతిరుగుడు వద్దు. సూటిగా రాసేస్తాను, కూర్చుని చదువు.

మా పటం మీద మన ఊరు ఎర్రగా ఉంది. కొన్ని నెలలుగా రోజూ పొద్దుగూకే వేళకు వీడియోలన్నీ కుంటుతున్నాయి. టీవీలో సీరియళ్ళు అయిపోయే వేళకు మళ్ళీ ఆకుపచ్చ. ఫోను మాటలకు ఇబ్బంది లేదు, ఆఫీసు పనులకు ఇబ్బంది లేదు. ఒక్క వీడియోలకే. మావే కాదు, ఎవరి వీడియో అయినా అంతే. మా విభాగంలోవాళ్ళు యంత్రం లోపం అనుకున్నారు. కానీ ఆదివారం మాత్రం ఏ ఆటంకమూ ఉండదు. యంత్రం లోపమైతే ఆదివారం సెలవు తీసుకోదు కదా. ఎవరో చేత్తో చేస్తున్నారు. ఆ మనిషి ఆదివారం సాయంత్రం ఇంట్లో ఉండడు.

ఇది కనిపెట్టినప్పుడు నా పక్కన కూర్చునే అమ్మాయి చప్పట్లు కొట్టింది. నేను లేచి బయటికి వచ్చేశాను.

అన్నయ్యే చేస్తున్నాడు వదినా. జనం విసిగిపోయి మళ్ళీ టీవీ వైపు వస్తారని నెట్టులో వీడియోల దారి మూసేస్తున్నాడు. ఇది నేరం. డబ్బు కట్టినవాళ్ళకు చెప్పకుండా దారి కట్టేస్తే లైసెన్సు రద్దు చేస్తారు. అప్పుడు టీవీ లేదు, నెట్టు లేదు, బాక్సులూ లేవు. నెలాఖరుకు మా నివేదిక పైఅధికారులకూ, అక్కడి నుంచి లైసెన్సులిచ్చే ప్రభుత్వంవాళ్ళకూ వెళ్తుంది. ఎర్రగా ఉన్న ఊళ్ళన్నీ అందులో ఉంటాయి. ఒక్క ఊరిని తీసేయడం నా చేతిలో లేదు. ఉన్నా చేయకూడదు.

నేను చెప్తే అన్నయ్య వినడు, ఇంకా మొండికేస్తాడు. నువ్వు చెప్తే వింటాడు. ఎలాగైనా మాన్పించు.

పిడుగు


ఊరు

ఆడబిడ్డగారికి,

మీ ఉత్తరం అందింది. మీ అన్నయ్యగారి గురించి మీకున్న అభిప్రాయం తెలిసి సంతోషించాను.

స్తంభం మీద కరెంటు కొట్టి కిందపడి, చెయ్యి కట్టుతో ఉన్నప్పుడు కూడా ఒంటిచేత్తో లైను కలిపిన మనిషి ఆయన. ఎవరింట్లోనో మంచాన పడ్డ ముసలాయనకు టీవీ ఒక్కటే కాలక్షేపమని, వానలో తడుస్తూ వెళ్ళిన మనిషి. సిగ్నలు ఇవ్వడం తప్ప ఆపడం ఆయనకు తెలియదు. అలాంటి మనిషిని దొంగ అంటున్నారు. గోడ మీద రంగులు చూసి మనుషుల గుణం చెప్పేస్తారా మీ పట్నంలో?

ఇంకో సంగతి అడుగుతాను. క్రికెట్టు ఆటలన్నీ ఇకమీద టీవీలో రావనీ, మీ కంపెనీ కొనేసిందనీ మాకు పేపర్లో చూసేదాకా తెలియదు. మీకు ముందే తెలుసా, లేదా? ఆ వార్త వచ్చిన వారమే కదా మన కనెక్షన్లు బోలెడు పోయాయి. ఒక్క ముక్క ముందుగా చెప్పి ఉంటే ఆ బాక్సులేవో ఆయన ముందే తెప్పించుకునేవాడు. అప్పుడు గుర్తురాని అన్నయ్య ఇప్పుడెందుకు గుర్తొచ్చాడు?

ఇకమీదట రాయాలనిపిస్తే మా అక్క ఇంటి చిరునామాకు రాయండి. మా ఇంటికి రాయకండి. ఆయనకు మనశ్శాంతి లేక చాలా రోజులైంది.

మీ వదిన


పట్నం, అద్దె గది

వదినా,

నన్ను "మీరు" అన్నావు. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఎవరూ అంత దెబ్బ కొట్టలేదు. నువ్వు మా ఇంటికి వచ్చిన రోజు నీ చెప్పులేసుకుని వీధంతా తిరిగొచ్చిన పిల్లని నేను. ఆ రోజు కూడా నువ్వు నన్ను మీరనలేదు.

ఆటల సంగతి నాకు ముందే తెలుసు. చెప్పకూడదని సంతకం చేశాను, చెప్పలేదు. ఆ వారమంతా అన్నయ్య ఫోను చేస్తాడేమో, అడుగుతాడేమో అని భయపడ్డాను. చేయలేదు. చేయకపోతే ఇంకా బాధగా అనిపించింది. నువ్వు తిట్టింది న్యాయమే.

కానీ దానితో దీన్ని కొట్టేయకు. నేను అన్నయ్యను దొంగ అనలేదు. భయపడ్డ మనిషి అన్నాను. నాకు ఆయన మంచితనం నువ్వు చెప్పక్కర్లేదు. నన్ను భుజం మీద ఎక్కించుకుని డిష్ చూపించిన మనిషి. అందుకే ఆయన లైసెన్సు పోతుందంటే నిద్రపట్టడం లేదు. ఇంకొకటి ఆలోచించావా? ముందుగదిలో పేరుకుంటున్న ఆ బాక్సుల్లో లోపమేమీ లేదు. సినిమాలు వాటిలోకి మన నెట్టు నుంచే కదా రావాలి. దారి మూసేది తానే, బాక్సు పనిచేయడం లేదని కంపెనీవాణ్ణి తిట్టేదీ తానే. అన్నయ్య అంత తెలివితక్కువవాడు కాదు. అదొక్కటే నాకు అర్థం కావడం లేదు.

ఈ ఉత్తరానికి ఓ వారం చూస్తాను. జవాబు రాకపోతే అన్నయ్యకే రాస్తాను. అన్నీ విడమరిచి రాస్తాను. ఆ తర్వాత ఆయన నా ముఖం చూడకపోయినా సరే.

పిడుగు


మా అక్క ఇల్లు, పెరటి గది

పిడుగూ,

మీ అన్నయ్యకు రాయకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, రాయకు. ఆయనకు ఏమీ తెలియదు. చేస్తున్నది నేను.

ఆదివారం ఇంట్లో లేని మనిషి ఆయనొక్కడే కాదని నీకు ఎందుకు తట్టలేదు? నేనే రాశాను కదా, ఆ పూట నేనూ మా అక్క దగ్గరికి పోతానని. నువ్వు పట్టించుకోలేదు. నన్ను ఎవరు మాత్రం అనుమానిస్తారు!

నెట్టు పెట్టిన ఇంజనీరు వచ్చినప్పుడు మీ అన్నయ్య స్తంభం మీదున్నాడు. "మేడమ్, మీరైనా చూసి పెట్టుకోండి" అని కంప్యూటర్‌లో గీతలు చూపించాడు. మాటలకు ఎంత దారి వదలాలి, వీడియోలకు ఎంత వదలాలి, వేటికవి. ఎడమకు జరిపితే తగ్గుతుంది. అంతే, రేడియో గొంతు తగ్గించినంత తేలిక. మీ అన్నయ్యకు ఆ పేజీ ఉందని కూడా తెలియదు.

పెద్దగాలికి బయట నుంచి వచ్చే నెట్టు లైను తెగిన రోజు గుర్తుందా, నీకు ఫోనులో చెప్పాను. డిష్ బాగానే ఉంది, టీవీ నడిచింది. ఆ సాయంత్రం ఊరంతా టీవీ ముందే కూర్చుంది. నేను లోకల్ ఛానల్లో రోజూ చదివే కబుర్లున్నాయి కదా, నీళ్ళు ఏ వీధికి ఎప్పుడొస్తాయి, ఎవరి తాళాలు దొరికాయి, ఎవరు పోయారు, అవి ఊరంతా విన్నది. మర్నాడు కూరగాయల దుకాణంలో ముగ్గురు నన్ను పలకరించారు. "నిన్న మీరు చదివారు కాబట్టి సరిపోయింది" అన్నారు. లైను బాగయ్యాక మళ్ళీ మామూలే. ఆ తర్వాత బట్టలు కుట్టే ఆవిడ, "ఇంకా చదువుతున్నారా మీరు?" అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. ఇంటికొచ్చి కెమెరా ముందు కూర్చుని, ఆ రోజు కబుర్లు సగంలోనే ఆపేశాను.

అప్పుడు గీత కొంచెం జరిపాను. ఒక్క సాయంత్రానికే అనుకున్నాను. ఆ వారం టీవీ తీసేయమని ఒక్క ఫోనూ రాలేదు. ఇంకెలా ఆగుతాను చెప్పు? రోజూ పొద్దుగూకగానే జరపడం, సీరియళ్ళయ్యాక వెనక్కి జరపడం అలవాటైపోయింది. నెట్టు నెమ్మదిగా ఉందని ఫోను చేసినవాళ్ళకు "అది పైనుంచే అండీ, మా చేతిలో లేదు" అని నేనే చెప్పాను. తీయగా చెప్పాను. నమ్మారు.

తర్వాత ఆయన బాక్సులు తెచ్చాడు. నేను ఆపేశాను, ఒట్టు. ఆపిన వారమే మళ్ళీ "టీవీ తీసేయండి" అని వరసగా ఫోన్లు. మళ్ళీ జరిపాను. బాక్సులో మన ఛానళ్ళు డిష్ నుంచే వస్తాయి కదా, అవి ఆగవు, సినిమాలు ఆగితే విసిగి ఛానళ్ళే చూస్తారనుకున్నాను. జనం బాక్సునే తెచ్చి ఇచ్చేస్తారని నాకు తట్టలేదు. ఆయన ఆ పెట్టెలన్నీ విప్పి ఒక్కొక్క తీగా పట్టి చూస్తుంటే, పక్కన నిలబడి లైటు పట్టుకున్నాను నేను. లైటు పట్టుకుని చెప్పలేకపోయాను. ఇప్పుడు హఠాత్తుగా ఆపేస్తే బాక్సులన్నీ ఒక్కసారే బాగైపోతాయి, అప్పుడు ఆయనకు తెలిసిపోతుంది. ఆపకపోతే ఆయన మునిగిపోతాడు. నీ మీద అరుస్తూ ఆ ఉత్తరం రాసింది ఈ భయంతోనే.

రోజులు పెట్టి మెల్లగా సర్దేస్తాను. నాకు కొంచెం గడువు ఇవ్వు. ఆయనకు మాత్రం తెలియనివ్వకు.

వదిన


పట్నం, అద్దె గది

వదినా,

నీ ఉత్తరం నిన్న అందింది. వానలకు టపా అంతా ఆలస్యమైందట. చెప్పినట్టే వారం చూశాను, నువ్వు రాయవనుకున్నాను. మొన్ననే అన్నయ్యకు రాసి పోస్టులో వేశాను. ఇప్పుడు ఆ డబ్బాలో చెయ్యి పెట్టి వెనక్కి తీసుకోలేను.

అందులో అంతా ఉంది. రోజూ పొద్దుగూకే వేళ, ఆదివారం, పేకాట, అన్నీ. "నువ్వే చేస్తున్నావని తెలుసు అన్నయ్యా" అని రాశాను. "నువ్వు భయపడ్డావని తెలుసు, కానీ ఊరిని మోసం చేస్తావనుకోలేదు" అని కూడా రాశాను. ఆ వాక్యం తలుచుకుంటే నా చెయ్యి నరుక్కోవాలనిపిస్తోంది.

రేపో ఎల్లుండో మీ గుమ్మానికి వస్తుంది. నీ చేతికే రావచ్చు. ఏం చేయమని నేను చెప్పలేను.

ఆఫీసులో మా పెద్దావిడకు నిజం చెప్పేశాను, అది మా ఇల్లేనని. ఆవిడ నన్ను ఆ పని నుంచి తప్పించింది. తిట్టలేదు. నివేదిక ఆగదని మాత్రం చెప్పింది. తనిఖీ రాకముందే మనంతట మనం ఒప్పుకుని సరిచేసుకుంటే మొదటిసారి మందలించి వదిలేస్తారట. లేకపోతే లైసెన్సు పోతుంది. మెల్లగా సర్దుతానంటున్నావు, దానికి సమయం లేదు. అదీ కాక, మెల్లగా సర్దితే అన్నయ్య ఇంకా ఎన్ని బాక్సులు విప్పాలి? ఇంకా ఎన్నిసార్లు ఆ కంపెనీవాణ్ణి తిట్టాలి?

నేను నీ మీద కోపంగా ఉన్నాను వదినా. నీ మీద కోపం రావడం నాకు అలవాటు లేదు, ఎలా రాయాలో తెలియడం లేదు. చెప్పేసెయ్.

పిడుగు


ఊరు, కేబులు ఆఫీసు వెనక గది

పిడుగూ,

ఇంటి నుంచే రాస్తున్నాను. ఇక దాచేదేమీ లేదు.

నీ ఉత్తరాలు రెండూ ఒకేరోజు వచ్చాయి. నాకు రాసింది మా అక్క తెచ్చి ఇచ్చింది. అది చదివి ఇంకా మడత పెట్టలేదు, పోస్టుమాన్ వచ్చి ఆయనకు రాసింది నా చేతిలో పెట్టాడు. ఆయన ముందుగదిలో బాక్సు విప్పుతున్నాడు. వంటింట్లో పొయ్యి వెలుగుతోంది. అబద్ధం చెప్పను, పొయ్యి దాకా వెళ్ళాను. కవరు మూల వేడెక్కింది కూడా. "ఎవరొచ్చారు?" అని ఆయన అడిగాడు. "మీ చెల్లెలు మీకు రాసింది" అని తీసుకెళ్ళి ఇచ్చాను.

ఆయన ముఖం ఎలా వెలిగిందనుకున్నావు! చేతులు చొక్కాకు తుడుచుకుని మరీ తీసుకున్నాడు. "కోపం పోయిందన్నమాట దానికి" అన్నాడు. నిలబడే చదివాడు. చదువుతూ చదువుతూ అలా బాక్సుల మీద కూర్చుండిపోయాడు.

"నేను ఊరిని మోసం చేశానంటోంది" అన్నాడు. "నా చెల్లెలు అంటోంది. ఎవరో అంటే పర్లేదు."

కాగితం తెమ్మన్నాడు, ఇప్పుడే జవాబు రాస్తానన్నాడు. ఏం రాసేవాడో నాకు తెలుసు. ఇక ఈ జన్మకు నువ్వు ఈ గుమ్మం ఎక్కేదానివి కాదు. కాగితం తేలేదు నేను. "అది మీరు కాదు, నేను" అన్నాను.

అర్థం కాలేదు ఆయనకు. "నువ్వేంటి?" అన్నాడు. పైకి తీసుకెళ్ళి కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిచి చూపించాను. పొద్దుగూకే వేళే. గీత ఎడమ చివర ఉంది. ఆయన వేలితో తెరను తాకి, "దీన్ని ఎటు జరపాలి?" అని అడిగాడు. చెప్పాను. తానే జరిపాడు. కిందికి వచ్చి ముందుగదిలో ఒక బాక్సు టీవీకి తగిలించి సినిమా పెట్టాడు. ఎక్కడా ఆగలేదు. ఇంకోటి తగిలించాడు, ఇంకోటి తగిలించాడు. అన్నీ నడిచాయి. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

తర్వాత బాక్సుల కంపెనీవాడికి ఫోను చేశాడు. "తప్పు మాదే అండీ, మీ సరుకు బంగారం" అన్నాడు. "మాదే" అన్నాడు. మా ఆవిడదని అనలేదు.

మర్నాడు నేను లోకల్ ఛానల్లో చదివాను. నీళ్ళ సంగతి, దొరికిన గొడుగు సంగతి చదివి, ఆ తర్వాత ఇదీ చదివాను. ఫలానా రోజు నుంచి సాయంత్రాలు మీ నెట్టులో వీడియోలు ఆపింది నేనే, మా ఇంటాయనకు తెలియదు, అడిగినవాళ్ళకు అబద్ధం చెప్పాను, ఇకమీద జరగదు అని. కెమెరా వెనక మీ అన్నయ్యే నిలబడ్డాడు. ఆపమనలేదు. అధికారులకు రాసిన కాగితం మీద ఇద్దరం సంతకం పెట్టాం.

ఎవరూ చూడరనుకున్న ఛానల్ ఆ రోజు ఎంతమంది చూశారో! పొద్దున్నే ఆఫీసు ముందు జనం. ఇంట్లోంచే నెట్టులో పిల్లలకు పాఠాలు చెప్పే మాస్టారు బల్ల గుద్ది మరీ అడిగాడు. సాయంత్రం తరగతులు ఆగిపోయి ఆయన పిల్లలు కొందరు వేరేచోట చేరిపోయారట. "నేను ఎన్నిసార్లు ఫోను చేశానమ్మా మీకు!" అన్నాడు. ఆ గొంతు నాకు బాగా గుర్తు. పైనుంచే అండీ అని ఎన్నిసార్లు చెప్పానో. తలెత్తలేకపోయాను. కనెక్షనే వద్దని కొందరు వైరు కత్తిరించుకుని పోయారు. కుట్టు ఆవిడ మాత్రం వచ్చి, కాసేపు కూర్చుని వెళ్ళింది.

పోయిన వారం తనిఖీవాళ్ళు వచ్చి చూసుకుని, మందలింపు కాగితం ఇచ్చి వెళ్ళారు. లైసెన్సు నిలిచింది. బాక్సులు ఇప్పుడు ప్రతి సాయంత్రం నడుస్తున్నాయి. తెచ్చి ఇచ్చేసినవాళ్ళలో కొందరు మళ్ళీ పట్టుకెళ్ళారు. ముందుగదిలో నేల కనిపిస్తోంది. కేబులు బతుకుతుందేమో, మీ అన్నయ్య లెక్కే సరైనదేమో. నీకు ఆయన వేరుగా రాస్తాడు. నీ ఉత్తరం ఇంకా ఆయన దగ్గరే ఉంది, ఆ వాక్యం గురించి నువ్వు కుమిలిపోకు. "అది నన్ను తిట్టింది, కానీ నా గురించే కదా నిద్ర మానుకుంది" అన్నాడు మొన్న.

నాతో మాట్లాడుతున్నాడు. నీకా సందేహం ఉంటుందని రాస్తున్నాను. మోకాలి నొప్పి ఎలా ఉందని అడుగుతాడు, టీ పెట్టమంటాడు, పేకాటలో ఎవరు తొండి ఆడారో చెప్తాడు. అరవలేదు. ఎందుకు చేశావని కూడా అడగలేదు. కానీ కంట్రోల్ రూమ్‌కు తాళం వేశాడు. పెళ్ళై ఈ ఇంటికొచ్చిన నాటి నుంచి ఆ తలుపుకు గొళ్ళెం తప్ప తాళం ఎరగను నేను. తాళంచెవి ఆయన చొక్కా జేబులో ఉంటుంది. చొక్కా ఉతకడానికి వేసేటప్పుడు ముందు అది తీసుకుంటాడు.

లోపల దుమ్ము పేరుకుని ఉంటుందని నిన్న నేనే అడిగాను. తాళం తీశాడు. నేను తుడుస్తున్నంతసేపూ గుమ్మంలోనే నిలబడ్డాడు. కింద ఫోను మోగుతున్నా కదల్లేదు. కంప్యూటర్ బల్ల దగ్గరికి వచ్చేసరికి లోపలికొచ్చి, నా చేతిలోంచి గుడ్డ తీసుకుని, "అది నేను తుడుస్తాలే" అన్నాడు.

మెత్తగానే అన్నాడు పిడుగూ. అరిచి ఉంటే బాగుండేది.

మీ వదిన